కార్బెట్ వెళ్తున్నారా? ముందు ఢికాలాలో గది చూసుకోండి

ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ నేషనల్ పార్కు చూసొచ్చామని చెప్పేవాళ్లలో చాలామంది రామ్‌నగర్ బయట ఢికులీ రోడ్డు మీద ఏదో రిసార్టులో పడుకుని, పొద్దున్నే జీపెక్కి ఓ రౌండు కొట్టి, పులి కనపడలేదని తిట్టుకుంటూ వచ్చినవాళ్లే. నా మాట వినండి. ఆ రిసార్టు డబ్బులు అడవి లోపల అటవీశాఖ గెస్ట్‌హౌస్‌లో ఒక రాత్రికి పెట్టండి. నైనీతాల్, బోటు షికారు, గుళ్లు అన్నీ ఆ తర్వాత.

లోపల గదుల్లో ఢికాలాదే మొదటి స్థానం. పార్కుని సఫారీ కోసం జోన్లుగా విడగొట్టారు, ఢికాలా జోన్ మామూలుగా నవంబర్ 15 నుంచి జూన్ 15 వరకే తెరిచి ఉంటుంది. జిర్నా, ఢేలా జోన్లు వానాకాలంలోనూ నడుస్తాయి గానీ, ఆ నెలల్లో కొండచరియలు విరిగిపడితే నైనీతాల్ దారి ఎప్పుడు మూస్తారో చెప్పలేం. డిసెంబర్, జనవరిలో ఓపెన్ జీపులో పొద్దుటి చలి ఎముకలు కొరికేస్తుంది, పైగా పొగమంచు. పెద్దవాళ్లుంటే ఫిబ్రవరి చివర, మార్చి హాయిగా ఉంటుంది. పిల్లల సెలవుల కోసం ఏప్రిల్, మే తప్పదంటే ఎండ భరించాలి. కానీ ఏనుగుల్ని చూడాలంటే అదే మంచి సీజన్. రామ్‌గంగ జలాశయంలో నీళ్లు తగ్గినచోట పచ్చగడ్డి మొలుస్తుంది, దానికోసం మందలు మందలుగా దిగుతాయి. మా అత్తయ్య పులి ఊసే ఎత్తలేదు, ఏనుగు పిల్లలు తల్లుల కాళ్ల మధ్య దూరుతుంటే చూస్తూ కూర్చుండిపోయింది. మా ఆయన మాత్రం కెమెరా పట్టుకుని పులి, పులి అంటూనే ఉన్నాడు.

బుకింగ్‌లో ఒక మెలిక ఉంది. ఢికాలాలోకి పగటిపూట వెళ్లొచ్చేవాళ్లని సొంతంగా మాట్లాడుకున్న జీపులో పోనివ్వరు, అందరూ కలిసి ఎక్కే అటవీశాఖ కాంటర్ బస్సే గతి. లోపల రాత్రి గది ఉన్నవాళ్లకే జీపు. అందుకే ముందు గది ఖాయం చేసుకుని తర్వాతే రైలు టికెట్ల సంగతి చూడండి. గూగుల్‌లో పైన కనపడేవాటిలో చాలావరకు ఏజెంట్ల సైట్లు, పార్కు అధికారిక సైట్ ఏదో చూసుకుని అందులోనే చేయండి. ఢికాలా దొరక్కపోతే గైరాల్, సర్ప్‌దులీ, ఖినానౌలీ చూడండి, అవీ ఆ జోన్‌లోవే. పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే ఇవ్వండి, ఒరిజినల్ కార్డులు వెంట ఉండాలి, గేటు దగ్గర సరిచూస్తారు.

ఢిల్లీ నుంచి రాత్రి రైలెక్కితే పొద్దున రామ్‌నగర్‌లో దిగొచ్చు. అక్కడి నుంచి ఢంగఢీ గేటు పద్దెనిమిది కిలోమీటర్లు, గేటు నుంచి ఢికాలా ఇంకో ముప్ఫై పైన. ఈ ముప్ఫై కిలోమీటర్లే అసలు సఫారీ. సాల వృక్షాల మధ్య నుంచి దారి సాగుతుంది, పక్కనే రామ్‌గంగ. డ్రైవర్‌కి బయల్దేరేముందే చెప్పండి: పులి కోసం పరుగులు పెట్టించొద్దు, నది కనపడినచోట ఆపమని. ఒడ్డున సన్నటి పొడుగు ముక్కుతో పడుకున్నవి ఘరియల్ మొసళ్లు. వెడల్పు మూతివి మామూలు మొసళ్లు. నీటికుక్కలు కనపడితే అదృష్టమే.

పులిని వెతికేది చెవులతో. చుక్కల దుప్పి కీచుమని అరుస్తుంది, కొండముచ్చు చెట్టు మీంచి దగ్గినట్టు హెచ్చరిస్తుంది. దుప్పులు చిన్నదానికీ బెదిరిపోతాయి గానీ, సాంబర్ అనే పెద్ద జింక బొంగురుగా, ఆగకుండా అరుస్తోందంటే మాత్రం పులి చుట్టుపక్కలే ఉండొచ్చు. అప్పుడు ఇంజిన్ ఆపించి కదలకుండా కూర్చోండి. పక్క జీపు దుమ్ము రేపుకుంటూ వెళ్లినా వెళ్లనివ్వండి. బట్టలు ఖాకీ, మట్టిరంగులవి వేసుకోండి, సెంటు వద్దు, ముక్కుకి కట్టుకోవడానికి చున్నీ ఉండాలి. ఎక్కడపడితే అక్కడ జీపు దిగనివ్వరు, కాబట్టి బాత్రూం సంగతి ముందే చూసుకోండి.

ఢికాలా క్యాంపు చుట్టూ కరెంటు కంచె ఉంటుంది, చీకటి పడ్డాక దాని బయటికి అడుగు పెట్టకూడదు. క్యాంటీన్‌లో శాకాహారమే, మందు నిషేధం. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి, ఇంట్లోవాళ్లకి ముందే చెబితే టెన్షన్ ఉండదు. టార్చ్ తప్పనిసరి. గది తలుపు తీసి ఉంచితే కోతులు మీ సంచులు ఖాళీ చేసేస్తాయి. సాయంత్రం వాచ్‌టవర్ తిరుగుళ్ల కన్నా, క్యాంపు అంచున నిలబడి ఎదురుగా పరుచుకున్న గడ్డిమైదానం మీద చీకటి పడేదాకా చూడటం నాకు ఎక్కువ నచ్చింది.

కిందికొచ్చాక కోసీ నది మధ్యలో గుట్ట మీదున్న గర్జియా దేవి గుడి అరపూటలో అయిపోతుంది. నైనీతాల్‌కి కాలాఢూంగీ మీదుగా వెళ్లండి, రామ్‌నగర్ నుంచి దాదాపు 65 కిలోమీటర్లు. కాలాఢూంగీలో, ఈ పార్కుకి పేరిచ్చిన వేటగాడు, రచయిత జిమ్ కార్బెట్ చలికాలం గడిపిన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఆయన 1875లో నైనీతాల్‌లోనే పుట్టాడు. పక్కనే ఆయన నిలబెట్టిన ఛోటీ హల్ద్వానీ ఊళ్లో, పంటల్లోకి అడవి పందులు రాకుండా కట్టించిన రాతిగోడ చూడండి, మ్యూజియంలోని ఫొటోల కన్నా అదే బాగుంది. ఆ తర్వాత ఘాట్ రోడ్డు, కడుపు నిండా పరాఠాలు తిని ఎక్కకండి.

నైనీతాల్‌లో చెరువు, నైనాదేవి గుడి ఒక రోజులో చూసేయొచ్చు. శని, ఆదివారాలు మాత్రం వద్దు, ట్రాఫిక్‌లోనే తెల్లారుతుంది. నీమ్ కరోలీ బాబా ఆశ్రమం కైంచీ ధామ్ వెళ్లాలనుకుంటే తెల్లవారుజామునే బయల్దేరండి, జూన్ 15న అక్కడ మేళా కాబట్టి ఆ దరిదాపుల్లో అసలు పెట్టుకోకండి. తిరుగు రైలుకి మళ్లీ రామ్‌నగర్ దాకా రానక్కర్లేదు. నైనీతాల్ నుంచి కాఠ్‌గోదామ్ స్టేషన్ దగ్గర, ఢిల్లీకి అక్కడి నుంచే టికెట్ తీసుకోండి.