పీఎం కిసాన్ డబ్బు ఆగిపోతే ముందుగా చూడవలసింది

పీఎం కిసాన్ విడత విడుదలైన ప్రతిసారీ, డబ్బు పడనివాళ్లు పాస్ పుస్తకం పట్టుకుని మా అరుగు దగ్గరికి వస్తారు. నేను నల్లగొండ జిల్లాలో పనిచేసి విరమించిన ఉపాధ్యాయుణ్ని. పింఛను నెలకు పదివేలు దాటుతుంది కనుక, భూమి ఉన్నా ఈ పథకం నాకు వర్తించదు. కానీ ఏడాదికి 6,000 రూపాయలు, విడతకు 2,000 చొప్పున రావలసిన ఇంట్లో అవి ఆగితే ఎరువు బస్తా అప్పు మీదే వస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఏ కార్యాలయానికీ వెళ్లకముందే పీఎం కిసాన్ వెబ్‌సైటులో ‘నో యువర్ స్టేటస్’ తెరవండి. రిజిస్ట్రేషన్ నంబరు తెలియకపోతే ఆధార్ నంబరుతో అక్కడే కనుక్కోవచ్చు. భూమి వివరాలు, ఈ-కేవైసీ (మీరెవరో ఆధార్‌తో నిర్ధారించడం), బ్యాంకుకు ఆధార్ అనుసంధానం, ఈ మూడింటిలో దేని ఎదుట ‘నో’ అని ఉందో చూడండి. ఒక్కోదాన్ని సరిచేసే చోటు వేరు. అది తెలియకే జనం బ్యాంకుకూ మండలానికీ మధ్య తిరుగుతున్నారు.

ఈ-కేవైసీ తేలిక. ఆధార్‌కు ఫోను నంబరు జతై ఉంటే ఓటీపీతో అయిపోతుంది. లేదంటే కామన్ సర్వీస్ సెంటర్‌లో వేలిముద్ర వేయాలి. పార పట్టి అరిగిన వేళ్లు యంత్రానికి అందకపోతే, పీఎం కిసాన్ యాప్‌లో ముఖం చూపించి పూర్తి చేయవచ్చు. ఆ యాప్‌ను ప్లే స్టోర్ నుంచే తీసుకోండి. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫైలును తాకకండి, ఖాతా ఖాళీ అవుతుంది.

ఎక్కువమంది చిక్కుకునేది బ్యాంకు దగ్గర. “ఆధార్ జిరాక్స్ ఎప్పుడో ఇచ్చాను కదా” అంటారు. అది సరిపోదు. ప్రభుత్వ డబ్బు ఆధార్ ఆధారంగా వస్తుంది, ఒక ఆధార్‌కు ఒక సమయంలో ఒకే ఖాతా జతై ఉంటుంది. మరో బ్యాంకులో కొత్త ఖాతా తెరిచినప్పుడు ఆధార్ అక్కడికి మారి ఉంటే డబ్బు అందులోనే పడుతుంది. పాత ఖాతా చూసుకుని రాలేదనుకుంటారు. ఇలా జత చేయడాన్నే సీడింగ్ అంటారు. ఆధార్ వెబ్‌సైటులో ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ చూస్తే ఏ బ్యాంకో తెలుస్తుంది. దేనికీ జత కాకపోతే మీ బ్యాంకుకు వెళ్లి, “డీబీటీ కోసం ఆధార్ సీడింగ్ చేయండి” అని ఆ మాటలతోనే అడిగి, ఫారం నింపి ఇవ్వండి. డీబీటీ అంటే ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడటం. తపాలా శాఖ పేమెంట్స్ బ్యాంకులోనూ ఇలాంటి ఖాతా తెరుస్తారు.

భూమి ఎదుట ‘నో’ ఉంటే పట్టాదారు పాస్ పుస్తకం, ఆధార్ తీసుకుని తెలంగాణలో వ్యవసాయ విస్తరణ అధికారిని, ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రాన్ని కలవండి. 2019 ఫిబ్రవరి 1 తర్వాత కొన్న భూమికి ఈ సాయం రాదు. తండ్రి మరణంతో వారసత్వంగా వచ్చినదైతే ఆ గడువు అడ్డుకాదు. భూమిని మీ పేరు మీదికి మార్పించుకుని మీ పేరుతో కొత్తగా దరఖాస్తు చేయండి. భార్యాభర్తలిద్దరికీ పాస్ పుస్తకాలున్నా ఒక్కరికే వస్తుంది. కౌలు రైతుకు మాత్రం ఇందులో చోటు లేదు. చెమటోడ్చేది ఆయనే అయినా సాయం పట్టాదారుకే వెళ్లడం అన్యాయమనే నేనంటాను.

మూడింటి ఎదుటా ‘యెస్’ ఉండి కూడా డబ్బు రాకపోతే 155261కు ఫోన్ చేయండి. ఫిర్యాదు నంబరు ఇస్తే పాస్ పుస్తకం అట్ట వెనుక రాసిపెట్టుకోండి.