వేధింపులకు గురయ్యే కుర్రవాడి పాత్రను నాటకంలో నిలబెట్టడం ఎలా?

తిరుపతి కళాశాలల వార్షికోత్సవాల్లో ర్యాగింగ్ మీద నాటిక వేయడం కొత్తేమీ కాదు గాని, నేను చూసినవాటిలో చాలా భాగం ఒకే మూసలో నడిచాయి. తెర లేచేసరికి బాధితుడు తల వంచుకుని ఏడుస్తుంటాడు, నలుగురు దుర్మార్గులు చుట్టూ చేరి పకపకా నవ్వుతుంటారు, చివరకు 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టాన్ని ఏకరువు పెట్టడానికి ప్రిన్సిపాల్ ప్రవేశిస్తాడు. ప్రేక్షకులు జాలిపడి చప్పట్లు కొడతారే తప్ప, ఆ నలుగురిలో తమను తాము చూసుకోరు. కాబట్టి తోటివారి ఒత్తిడికి బలైన పిల్లవాణ్ణి చూపించదలచిన దర్శకుడు మొట్టమొదట ఆ ఏడుపును తీసివేయాలి. అటువంటి కుర్రవాడికి కావలసింది ఆ గుంపులో చోటు. ఆ చోటు కోసమే తనను ఎగతాళి చేసినప్పుడు అందరికంటే ముందు తానే నవ్వుతాడు.

ఈ పని నేర్పుగా చేసిన నాటకం బ్రిటిష్ నాటక రచయిత డెనిస్ కెల్లీ రాసిన ‘డి.ఎన్.ఎ.’. 2008లో లండన్‌లోని నేషనల్ థియేటర్‌లో ప్రదర్శితమైన ఈ నాటకంలో ఆడమ్ అనే కుర్రవాణ్ణి తోటి పిల్లలు హింసించిన తీరు మనకు కంటికి కనిపించదు. అతని ఒంటి మీద సిగరెట్లు ఆర్పడం, లోతైన గొయ్యి మీది ఇనుప జాలీపైకి ఎక్కించి రాళ్లు విసరడం, అతడు అందులో పడిపోవడం, అంతా ఆ పని చేసినవాళ్ల నోటనే వింటాం. వాళ్లేమో మధ్యమధ్యలో, అప్పుడు వాడు నవ్వుతూనే ఉన్నాడని చెప్పుకుంటారు. చనిపోయాడనుకున్న ఆడమ్ మూడో భాగంలో సజీవంగా రంగస్థలం మీదికి వచ్చేసరికి, అతని చావు చుట్టూ అబద్ధాలు అల్లుకుని కుదురుకున్న గుంపుకు అతని ప్రాణమే అడ్డమవుతుంది. బాధితుణ్ణి అంతసేపు కనిపించనీయకపోవడం వల్ల, అతని గురించి మాట్లాడేవాళ్ల ముఖాలను చూడక తప్పని స్థితిలో ప్రేక్షకుడు పడతాడు. ఇరవై నిమిషాల నాటికకు కూడా ఈ పద్ధతి చక్కగా పనికివస్తుంది.

బాధితుణ్ణి వేదిక మీదనే చూపించదలిస్తే మాత్రం చిన్న సంఘటన చాలు. హాస్టల్ గదిలో ఐదుగురు ఇంటర్ కుర్రాళ్లున్నారని, నలుగురి ఫిజిక్స్ రికార్డులు ఐదోవాడి మంచం మీద పడ్డాయని అనుకుందాం. “రేయ్ మచ్చా, రేపటికి రాసి పెట్టేస్తావు గదా? నీ చేతిరాత బాగుంటాది” అంటాడొకడు. “నాది ఇంకా అయిపోలేదురా...” అనబోతాడు వాడు. “అబ్బో, సారు బిజీ అంట!” అనగానే అందరూ నవ్వుతారు, వాడూ నవ్వుతాడు, పెన్ను మూత తీస్తాడు. ఇక్కడ నటుడికి నేను చెప్పేది ఒక్కటే: పెదవులు నవ్వుతూ ఉండగా, బొటనవేలు ఆ మూతను నొక్కుతూ, వదులుతూ ఉండాలి. తరువాతి రంగాల్లో అడిగే పని పెద్దదవుతూ పోవాలి, నవ్వు రావడం క్షణం క్షణం ఆలస్యమవుతూ పోవాలి. కొట్టే సన్నివేశం అవసరం పడదు. పడినా దెబ్బను దీపం ఆర్పి శబ్దంతోనే చూపించండి, సాధనలో సైతం ఎవరి ఒంటిమీదా చేయి పడకూడదు.

చిత్తూరు ప్రాంతంలో ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరిగేటప్పుడు రాత్రి వీధినాటకంలో వస్త్రాపహరణ ఘట్టం చూసినవారికి నేను చెప్పబోయేది తేలికగా అర్థమవుతుంది. దుశ్శాసనుడి వీరంగం ఎంత ఉన్నా, నన్ను కుదిపేది సభలో నోరు మెదపని పెద్దలే. కౌరవుల్లోనే ఒకడైన వికర్ణుడు లేచి ఇది అన్యాయమని మాట్లాడినప్పుడు వాళ్ల మౌనం ఇంకా బరువెక్కుతుంది. మీ నాటికలోనూ రికార్డు ఇవ్వడం ఇష్టం లేకపోయినా ఇచ్చేసి, కిటికీ వైపు తిరిగి నిలబడే కుర్రవాడొకడు ఉండాలి. వాడికి మాటలు తక్కువ రాయండి, వేదిక మీద సమయం ఎక్కువ ఇవ్వండి. ఒత్తిడి వాడి మీద కూడా ఉందని, రేపు ఆ మంచం తనదే కావచ్చునని వాడికి తెలుసునని ప్రేక్షకుడు గ్రహిస్తే నాటిక సగం గట్టెక్కినట్టే.

పాత్రల ఎంపికలో నేను చేసిన పొరపాటు ఒకటి ఉంది. చాలా ఏళ్ల క్రితం ఒక కళాశాలలో సహజంగా ఉంటుందని భావించి, తరగతిలో అందరికంటే బిడియస్థుడైన కుర్రవాడికే బాధితుడి వేషం ఇచ్చాను. ప్రదర్శన బాగా పండింది. కానీ తోటివాళ్లు అతణ్ణి ఆ పాత్ర పేరు పెట్టి పిలవడం ఆ ఏడాదంతా ఆగలేదు. అప్పటినుంచి ఆ వేషాన్ని అందరితో కలివిడిగా ఉండే కుర్రవాడికే ఇస్తున్నాను, సాధన రోజుల్లో మాత్రం ఐదుగురి చేతా ఐదు పాత్రలూ మార్చి మార్చి వేయిస్తున్నాను. సాధన ముగియగానే అందరూ ఒకరినొకరు సొంత పేర్లతో పిలుచుకున్న తరువాతే టీ తాగడానికి వెళ్లాలన్న నియమం కూడా పెట్టుకున్నాం. ప్రదర్శన అయ్యాక ఎవరైనా విద్యార్థి మెల్లగా దగ్గరికి వచ్చి తన సంగతి చెప్పుకోవచ్చు గనుక, వినే ఓపిక ఉన్న అధ్యాపకులొకరిని ఆ సాయంత్రం వేదిక పక్కనే ఉండమనండి, పిల్లల సహాయవాణి 1098 నంబరును తలుపు దగ్గర పెద్ద అక్షరాలతో రాసి అంటించండి.