పాలు పొంగించే ముందు: హైదరాబాద్‌లో అద్దె ఫ్లాటు వెతుక్కునేవారికి

విద్యానగర్‌లో మేము ఇల్లు ఖాళీ చేసిన రోజు ఓనరుగారు చెవి మీద పెన్సిలు పెట్టుకుని వచ్చి గోడలకున్న మేకులు లెక్కపెట్టారు. ముప్పై ఏడు తేలాయి. వాటిలో ఇరవై దాకా మాకన్నా ముందున్నవాళ్లు కొట్టినవే. ఆ మాట రుజువు చేయడానికి మాత్రం నా దగ్గర ఏమీ లేదు. రెండు నెలల అడ్వాన్సులో ఒక నెల రంగులకు పోయింది, మేకులకు మరో రెండు వేలు. బ్యాంకులో పొద్దస్తమానం ఇతరుల సంతకాలు సరిచూసే మనిషిని, నా ఒప్పందంలో రంగుల ఊసు ఉందో లేదో చూసుకోలేదు.

అప్పటి నుంచి ఏ ఇల్లు చూడటానికి వెళ్లినా ముందు దాన్ని ఖాళీ చేసే రోజును ఊహించుకుంటాను. నాది బదిలీల ఉద్యోగం. ఇరవై రెండేళ్లలో తొమ్మిది ఇళ్లు మారాను, ఆరు ఈ నగరంలోనే. ఇప్పుడు మా అక్క కొడుకు గుంటూరు నుంచి ఉద్యోగానికి వస్తూ "పిన్నీ, ఇల్లు ఎలా చూసుకోవాలి?" అని అడిగాడు. వాడికి చెప్పిన మాటలే ఇవి.

వీలుంటే ఆషాఢంలో వెతకండి. మేలో పరీక్షల ఫలితాలు, జూన్‌లో బడులు. అప్పుడు ఓనర్లు మన ముఖం కూడా చూడరు. ఆషాఢం రాగానే ఇల్లు మారేవాళ్లు ఉండరు, టులెట్ బోర్డులు గేట్లకు వేలాడుతూనే ఉంటాయి. పుష్యమాసం, మూఢం రోజులూ అంతే. నల్లకుంటలో పద్దెనిమిది వేలు చెప్పిన ఇంటిని ఆషాఢంలో పదహారున్నరకు మాట్లాడుకుని, శ్రావణంలో చేరి, అద్దె కూడా శ్రావణం నుంచే కట్టాను. శూన్యమాసంలోనే చేరడానికి మీకు పట్టింపు లేకపోతే మరీ మంచిది. ఆ సంగతి మాత్రం బేరం తెగాకే చెప్పండి.

ఇక యాప్‌లు. అద్దెలు ఎలా ఉన్నాయో తెలుసుకోవడానికి అవి బాగా పనికొస్తాయి. కానీ గచ్చిబౌలిలో మూడు పడకగదుల ఫ్లాటు పదహారు వేలకే అని కనిపిస్తే ఆ ఫోటోలు చూసి మురిసిపోకండి. ఫోన్ చేస్తే అవతలి మనిషి మర్యాదగా మాట్లాడతాడు. సైన్యంలో ఉన్నానంటాడు, బదిలీ అయిందంటాడు, గుర్తింపు కార్డు ఫోటో కూడా పంపుతాడు. గేటు పాసుకో, ఇల్లు మీకోసం ఆపి ఉంచడానికో అయిదు వేలు పంపమంటాడు. ఆ తరువాత, డబ్బు వెనక్కి రావాలంటే ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమంటాడు. మా కౌంటరు దగ్గరకు ఇలా మోసపోయి వచ్చిన పిల్లలు ఒకరిద్దరు కాదు. మనకు డబ్బు రావడానికి పిన్ నొక్కాల్సిన పనే లేదు. పిన్ అడిగితే డబ్బు పోతుందనే అర్థం. పొరపాటున పంపేస్తే సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్మును అవతలి ఖాతాలో ఆపించే అవకాశం అంత ఎక్కువ. అసలు ఇంట్లో అడుగు పెట్టకుండా, తాళం తిప్పి చూడకుండా రూపాయి కూడా పంపకండి.

బ్రోకరును పెట్టుకున్నా తప్పులేదు. కమీషను ఎంతో ముందే తేల్చుకోండి, ఒప్పందం మీద సంతకాలయ్యాకే ఇవ్వండి.

ఇల్లు చూడటానికి రెండుసార్లు వెళ్లాలి, ఒకసారి పగలు, ఒకసారి చీకటి పడ్డాక. రెండోసారి ఒంటరిగా వద్దు. పగలు చూసినప్పుడు ఓనరు చెప్పేది వినండి, తరువాత ఆ ఇల్లు అద్దెకు పోయినా పోకపోయినా ఒరిగేదేమీ లేనివాళ్లను అడగండి. వీధి చివర ఇస్త్రీ బండి ఆయనకు ఆ అపార్టుమెంటులో ఎవరు ఎందుకు ఖాళీ చేశారో తెలుస్తుంది. వాచ్‌మన్ భార్యను "వేసవిలో ట్యాంకరు రోజుకు ఎన్నిసార్లు వస్తుందమ్మా?" అని అడగండి. "నీళ్లు వస్తాయా?" అని అడిగితే ఎవరైనా వస్తాయనే అంటారు. నేను నిజాంపేటలో అలాగే అడిగి మోసపోయాను. ఫాల్గుణంలో చేరాం, చైత్రం వచ్చేసరికి బోరు ఎండిపోయింది. ట్యాంకరు ఖర్చు ఇంటింటికీ పంచితే ఆ నెల మెయింటెనెన్సు నాలుగు వేలు దాటింది. పొద్దున ఆరున్నరకు కుళాయి తిప్పితే ముందు గాలి బుసకొట్టేది, తరువాత ఎర్రటి నీళ్లు నాలుగు చుక్కలు పడేవి. పప్పుకు క్యాన్ల నీళ్లే గతి, ఆ బోరు నీళ్లలో పప్పు ఉడికేది కాదు. అందుకని ఇప్పుడు నేను ఇల్లు చూసేటప్పుడు వంటింటి కుళాయి, స్నానాల గది కుళాయి ఒకేసారి తిప్పి, ఫ్లషు కూడా నొక్కుతాను. ఓనరు వింతగా చూస్తారు, చూడనివ్వండి. కుళాయి చుట్టూ తెల్లటి పొర గట్టిగా పేరుకుని ఉంటే నీళ్లు ఎలాంటివో వేరే చెప్పక్కర్లేదు.

పల్లంలో ఉన్న కాలనీ అయితే ఇంకో ప్రశ్న అడగండి. 2020 అక్టోబరులో వరదలు వచ్చినప్పుడు సెల్లారులో నీళ్లు ఎంతవరకు వచ్చాయి? నిజం చెప్పేవాళ్లు చేత్తో ఎత్తు చూపిస్తారు. మీ స్కూటరు పెట్టేది అక్కడే.

పెంట్‌హౌస్ అనే మాటకు మన ఊళ్లో అర్థం వేరు. డాబా మీద లేపిన రెండు గదులకు ఆ పేరు పెడతారు. ఏప్రిల్ మధ్యాహ్నం మూడింటికి ఆ గది గోడ మీద అరచేయి పెట్టి చూసి, ఆ తరువాత అద్దె మాట్లాడండి.

కరెంటు మీటరు మీ ఫ్లాటుకు విడిగా ఉందా, కింద ఉన్న మీటర్లలో మీది ఏదో చూపించమనండి. రెండు ఇళ్లకు ఒకే మీటరైతే యూనిట్లు కలిసి పై శ్లాబులోకి పోతాయి, బిల్లు మోత మోగుతుంది. పాత బిల్లు ఒకటి అడిగి తీసుకోండి. బకాయి ఉందో లేదో తెలుస్తుంది, ఓనరు పేరు కూడా అందులోనే కనిపిస్తుంది. తెల్లకార్డు ఉన్నవారికి గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు అద్దె ఇళ్లకూ వర్తిస్తుంది, దానికీ ఆ సర్వీసు నంబరే కావాలి.

ఓనరు అసలు ఓనరేనా అని చూడటం మర్యాద తప్పినట్టు కాదు. మీ ఆధార్ వాళ్లు అడుగుతారు కదా, వాళ్ల ఆస్తిపన్ను రసీదు మీరు అడగండి. ఆ ప్రాంతపు మున్సిపల్ కార్పొరేషన్ వెబ్‌సైటులో పన్ను నంబరు కొడితే ఎవరి పేరున ఉందో వస్తుంది. యూపీఐలో ముందు ఒక్క రూపాయి పంపితే ఖాతాదారు పేరు తెలుస్తుంది. ఆ పేరు, రసీదులో ఉన్న పేరు, ఒప్పందంలోని పేరు ఒకటిగా ఉండాలి. "మా బావమరిది ఖాతాకు వేయండి" అంటే వద్దనండి. మీ ఆధార్ ఇచ్చేటప్పుడు చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇచ్చి, దాని మీద తేదీ వేసి "అద్దె ఒప్పందం కోసం మాత్రమే" అని రాయండి.

పది లక్షలు ఒకేసారి కడితే అద్దె లేకుండా లీజుకు ఇస్తామని కొందరు ఆశపెడతారు. నేనైతే ఆ గడప తొక్కను. ఆ ఇంటి మీద గృహరుణం ఉండి, వాయిదాలు ఆగిపోతే ఒకరోజు తలుపు మీద బ్యాంకు నోటీసు అంటిస్తారు. మా శాఖ నుంచే వెళ్లి అంటించిన నోటీసులు నేను చూశాను. తలుపు తీసి దాన్ని చదివేది అద్దెకున్నవాళ్లే. ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీసి చూస్తే కొన్ని తనఖాలు తెలుస్తాయి, అన్నీ అందులో కనిపించవు.

ఒప్పందం పదకొండు నెలలకే ఎందుకు రాస్తారని అందరూ అడుగుతారు. ఏడాది దాటితే 1908 నాటి కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి, ఆ ఖర్చు తప్పించుకోవడానికే పదకొండు నెలల అలవాటు వచ్చింది. మన రాష్ట్రంలో మాత్రం ఆ చట్టానికి చేసిన సవరణ ప్రకారం ఎన్ని నెలల ఒప్పందమైనా రిజిస్టరు చేయించాలి. ఎన్ని నెలలకు రాసినా అందులో ఏముందో చదవండి. అద్దె ఎన్ని నెలలకు ఎంత శాతం పెరుగుతుంది, ఖాళీ చేయాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలి, అడ్వాన్సు ఏ రోజున వెనక్కి ఇస్తారు, రంగుల ఖర్చు ఎవరిది, మోటారు చెడిపోతే ఎవరు బాగు చేయించాలి. "రంగులకు ఒక నెల అద్దె" అని ఉంటే, మీరు ఆ ఇంట్లో రెండేళ్లు దాటాక ఖాళీ చేస్తే ఆ మాట వర్తించదని రాయించండి. నేను రెండు ఇళ్లలో రాయించాను, ఓనర్లు కాస్త గొణిగి ఒప్పుకున్నారు. అద్దె ఏడాదికి లక్ష దాటితే, ఆఫీసులో హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపుకు ఓనరు పాన్ నంబరు కావాలి. చాలామంది ఓనర్లు అది ఇవ్వడానికి వెనకాడతారు. సంతకానికి ముందు అడిగితే ఇస్తారు, మార్చిలో అడిగితే ఫోను ఎత్తరు.

ఓనరు అమెరికాలో ఉండి, ఇక్కడ వాళ్ల నాన్నగారు తాళాలు ఇచ్చే ఇళ్లు కూకట్‌పల్లి నుంచి నల్లగండ్ల దాకా బోలెడు. అప్పుడు సంతకం చేసే పెద్దాయన పేరున అధికారపత్రం ఉందో చూడాలి. ప్రవాస ఓనరుకు కట్టే అద్దెలో ముందుగా పన్ను మినహాయించి ప్రభుత్వానికి కట్టే బాధ్యత అద్దెకున్నవారిదే. అద్దె ఎంత తక్కువైనా ఇది తప్పదు, రేటు కూడా 30 శాతం పైనే. దీన్ని ఎవరూ ముందు చెప్పరు, ఆడిటరును ఒకసారి అడిగాకే అలాంటి ఇంటికి సరే అనండి.

తాళాలు చేతికి వచ్చాక, సామాను దించకముందే ఖాళీ ఇంట్లో తిరుగుతూ ఫోనులో వీడియో తీయండి. గోడలు, కుళాయిలు, తలుపు గడియలు, మీటరు రీడింగు, పగిలిన టైలు, మేకులు. ఒక్కొక్కటీ నోటితో చెబుతూ తీసి, ఆ రోజే ఓనరుకు వాట్సాప్‌లో పంపాలి. ఆయన బొటనవేలు బొమ్మ పెట్టినా చాలు.

మావాడు నిన్న రాత్రి పంపిన వీడియో పద్నాలుగు నిమిషాలుంది. బాల్కనీ తలుపు కింద చెదలు తిన్న చోటును దగ్గరగా చూపించాడు. వంటింటి తలుపు వెనక పాత క్యాలెండరు వేలాడుతున్న మేకుతో సహా లెక్కపెట్టి "పదకొండు, పిన్నీ" అన్నాడు. ఓనరుగారి నుంచి బొటనవేలు వచ్చింది. గురువారం పొద్దున పాలు పొంగిస్తారట, గిన్నె నన్నే తెమ్మన్నాడు.