ఎండా గాలీ కలిపి ఊరికి కరెంటు - 3వ పాఠం: కార్తీకం లెక్క

పోయిన పాఠంలో రాసుకున్న వాడకం కాగితం ముందు పెట్టుకోండి. ఇంటికి 9 వాట్ల బల్బులు మూడు, 5 గంటలు. 30 వాట్ల ఫ్యాను 10 గంటలు. 50 వాట్ల టీవీ 4 గంటలు. అంటే 635 వాట్-అవర్లు. వెయ్యి వాట్-అవర్లు ఒక యూనిట్ కాబట్టి 40 ఇళ్లకు రోజుకు 25 యూనిట్ల పైచిలుకు. బ్యాటరీలో, ఇన్వర్టర్‌లో పోయేది కలుపుకుని 30 యూనిట్లు పుట్టించాలి.

మన ఊరు అనంతపురం వైపు రామగిరి కొండల దగ్గరిదనుకుందాం. 1990ల నుంచే అక్కడ గాలిమరలు తిరుగుతున్నాయి. ఆషాఢంలో నైరుతి గాలి రాత్రిళ్లూ వదలదు. కార్తీకానికి ఆ జోరు ఉండదు. పైగా బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే ముసురే.

అందుకే ఏడాది సగటు చూసి ప్లాంటు వేయకండి. అన్నిటికంటే గడ్డు నెల ఏదో దానికి వేయండి.

గాలి వేగం సగమైతే కరెంటు సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఈ పాఠంలో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఇదే. 5 కిలోవాట్ల గాలిమర ఆషాఢంలో సెకనుకు 6 మీటర్ల సగటు గాలికి రోజుకు 30 యూనిట్లు ఇస్తుందనుకోండి. కార్తీకంలో గాలి 3 మీటర్లకు దిగితే మిగిలేది 4 యూనిట్లు కూడా ఉండదు. (అమ్మేవాళ్లు చెప్పే 5 కిలోవాట్లు 10-12 మీటర్ల గాలికి మాత్రమే!)

మిగతా 26 యూనిట్లూ ఎండ నుంచే రావాలి. మబ్బు నెలలో కిలోవాటు ప్యానెళ్లకు 3 యూనిట్లు చొప్పున వేస్తే 9 కిలోవాట్లు కావాలి. అసలు గాలిమరే లేకపోతే? 10. అంత ఖర్చు పెట్టి గాలిమర వేస్తే కార్తీకంలో తగ్గేది ఒక్క కిలోవాటు ప్యానెళ్లన్నమాట!

మరి గాలిమర ఎందుకు? ఆషాఢంలో మిగిలే కరెంటుకు పని ఉంటేనే. ట్యాంకుకు నీళ్లు తోడడం, పిండిమర ఆడించడం లాంటి పనులు గాలి ఉన్నప్పుడే చేసుకోవచ్చు, బ్యాటరీ అక్కర్లేదు. ఆ పనులేవీ లేని ఊరికి నేనైతే ప్యానెళ్లే చాలంటాను.

అభ్యాసం: ఊరి బయట మిట్ట మీదున్న చెట్లు చూడండి. కొమ్మలన్నీ తూర్పుకే ఒరిగి, పడమటి పక్క బోసిగా ఉంటే అక్కడ గాలి గట్టిదే. ఆ మిట్ట చుట్టూ 150 మీటర్లలో అన్నిటికంటే ఎత్తైన చెట్టో, ఇల్లో ఎంతుందో రాసుకోండి. గాలిమర రెక్కల కింది అంచు దానికంటే 10 మీటర్లు పైన ఉండాలి. స్తంభం ఎత్తు ఎంతో లెక్కగట్టి తెండి, వచ్చే పాఠంలో బ్యాటరీతో పాటు దాని ఖర్చూ చూద్దాం.