ఎండలు ముదరకముందే బోయింక్‌కు పగ్గాలు

ఇంట్లో కంప్యూటర్ ఖాళీగా ఉన్నంతసేపూ దాన్ని సైన్సు లెక్కలకు అప్పగించేవాళ్లు మన తెలుగువాళ్లలోనూ ఉన్నారు. ఒకరు ఐన్‌స్టైన్ ఎట్ హోమ్ కోసం పల్సార్లనే నక్షత్రాలను వెతికిస్తారు, ఒకరు రొసెట్టా కోసం ప్రొటీన్ ఆకారాలు లెక్క కట్టిస్తారు, ఇంకొకరు క్లైమేట్‌ప్రెడిక్షన్ వాళ్ల వాతావరణ నమూనాలు నడుపుతారు. ఈ ప్రాజెక్టులన్నిటికీ కింద ఉండే సాఫ్ట్‌వేర్ ఒకటే, బోయింక్ (BOINC). ప్రాజెక్టు సర్వర్ నుంచి పనిముక్కలు, అంటే టాస్కులు, తెచ్చుకుని లెక్క కట్టి జవాబు తిరిగి పంపేది అదే. డిసెంబర్‌లో దాన్ని పెట్టి మర్చిపోయినా ఏమీ కాదు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం అలా వదిలేయకూడదు. వేసవి సెలవులకు ఇల్లు తాళం వేసి ఊరెళ్లేవాళ్లైతే అసలే వదిలేయకూడదు.

కారణం దాని పుట్టుకలోనే ఉంది. బోయింక్ పని 2002లో కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్క్‌లీ క్యాంపస్‌లో మొదలైంది. దానికి ముందు 1999 మే 17న అక్కడివాళ్లే వదిలిన, గ్రహాంతరవాసుల సంకేతాలు వెతికే సెటి ఎట్ హోమ్ ఒక స్క్రీన్‌సేవర్. మనిషి కుర్చీలోంచి లేస్తే లెక్క మొదలు, వచ్చి మౌస్ కదిపితే లెక్క ఆగుతుంది. అప్పటి ఇంటి కంప్యూటర్‌కు ఉండేది ఒక్క కోర్, అంటే ప్రాసెసర్‌లో లెక్క చేసే భాగం ఒక్కటే. బర్క్‌లీ ఏమో సముద్రపు గాలి తగిలే చల్లని ఊరు. ఆ తర్వాత కోర్లు పెరిగాయి, గ్రాఫిక్స్ కార్డులు వచ్చాయి, ఫోన్లు వచ్చాయి. ఒక్కోదాన్నీ పాత ఇంటి మీద గదులు వేసినట్టు వేసుకుంటూ వచ్చారు, పునాది మాత్రం అదే. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లో, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఇంట్లో ఇది రాత్రింబవళ్లు నడుస్తుందని ఆ పునాది వేసినవాళ్లు లెక్కలోకి తీసుకోలేదు. దానికి తెలియని సంగతులు మనమే చూసుకోవాలి.

వేడి

డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్‌లలో బోయింక్ ఉష్ణోగ్రత చూడదు. ప్రాసెసర్ 60 డిగ్రీల్లో ఉందా, 95లో ఉందా దానికి అనవసరం. మరీ వేడెక్కితే చిప్పే తన వేగం తగ్గించుకుంటుంది, అంతే.

గుర్తుంచుకోవాల్సిన లెక్క ఒకటుంది. ఫ్యాను, హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు దిమ్మ) కలిసి ప్రాసెసర్‌ను గది వేడి కన్నా ఇన్ని డిగ్రీలు పైన నిలబెట్టగలవు, గది కన్నా చల్లగా మాత్రం చేయలేవు. జనవరిలో గది 25 డిగ్రీలు ఉన్నప్పుడు ప్రాసెసర్ 70 చూపించిందంటే, మేలో గది 40కి చేరేసరికి అదే పని మీద అది 85 దగ్గర ఉంటుంది. మధ్యలో దుమ్ము పేరుకున్నా, ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య పూసిన నాలుగైదేళ్ల కిందటి థర్మల్ పేస్ట్ ఎండిపోయినా ఇంకో పది కలుపుకోండి. కాబట్టి ఎండలు రాకముందే మూత తీసి బ్లోయర్‌తో దుమ్ము కొట్టించండి. కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోవాలి, గాలికి అది పిచ్చిగా తిరిగితే బేరింగ్ పోతుంది. పేస్ట్ మార్చడం రాకపోతే రిపేరు షాపులో చేయించుకోవచ్చు, పెద్ద ఖర్చేం కాదు.

తర్వాత సెట్టింగులు. కంప్యూటింగ్ ప్రిఫరెన్సెస్‌లో రెండు శాతాలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి ఎన్ని సీపీయూలు (ప్రాసెసర్ కోర్లు) వాడాలో చెప్పేది, రెండోది ఎంత సీపీయూ సమయం వాడాలో చెప్పేది. చాలామంది వేడి తగ్గించాలని రెండోదాన్ని తగ్గిస్తారు. అది చేసే పని ఏమిటంటే, 75 శాతం పెడితే మూడు సెకన్లు లెక్క, ఒక సెకను విరామం, మళ్లీ మూడు సెకన్లు. మెత్తగా నెమ్మదించడం దానికి రాదు, ఉరికించి ఆపడమే వచ్చు. గ్రాఫ్ పెట్టి చూడండి, ఉష్ణోగ్రత రంపం పళ్లలా లేస్తూ పడుతూ ఉంటుంది, ఫ్యాను కూడా దానితోపాటే అరుస్తూ ఆగుతూ ఉంటుంది. నా సలహా, దాన్ని 100లోనే ఉంచి మొదటిదాన్ని తగ్గించండి. ఎనిమిది థ్రెడ్ల (ఒకేసారి ఎనిమిది పనులు నడిపే) ప్రాసెసర్‌కు 50 శాతం అంటే నాలుగే టాస్కులు. అవి ఆగకుండా నింపాదిగా నడుస్తాయి.

అది పెట్టాక ఉష్ణోగ్రత కొలవండి. విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో, లినక్స్‌లో ఎల్ఎం-సెన్సర్స్ సరిపోతాయి. అయితే కొలిచేటప్పుడు ఒక మెలిక ఉంది. గ్రాఫిక్స్ కార్డు మీద నడిచే టాస్కులు, మనం మార్చకపోతే, కంప్యూటర్ ముందు మనిషి ఉన్నంతసేపూ ఆగి ఉంటాయి. మౌస్, కీబోర్డు మూడు నిమిషాలు ముట్టుకోకపోతే మొదలవుతాయి. స్క్రీన్‌సేవర్ కాలం నాటి అలవాటు ఇది. మీరు ముందు కూర్చుని చూస్తే అంతా చల్లగా, బుద్ధిగా కనిపిస్తుంది. మీరు భోజనానికి లేచాకే గది కొలిమి అవుతుంది. అందుకని సెన్సర్ ప్రోగ్రాంను ఉష్ణోగ్రతల లాగ్ (చిట్టా) రాసుకునేలా పెట్టి, మధ్యాహ్నం రెండు గంటల వేళ గది వదిలి వెళ్లిపోండి. గంట తర్వాత వచ్చి అత్యధికం ఎంతుందో చూడండి. 80 దాటితే ఇంకో రెండు కోర్లు తగ్గించండి, గ్రాఫిక్స్ కార్డును పూర్తిగా ఆపేయండి. ల్యాప్‌టాప్ అయితే, అందులోనూ పరుపు మీద పెట్టి వాడేవాళ్లైతే, మే నెల మొత్తం మానేయమనే చెబుతాను.

వేడితో పోయేది ఒక్క చిప్ ఆయుష్షే కాదు, లెక్క కూడా తప్పుతుంది. అందుకే కొన్ని ప్రాజెక్టులు ఒకే పనిని ఇద్దరు వలంటీర్లకు పంపి, రెండు జవాబులూ కలిస్తేనే ఒప్పుకుంటాయి. మీ టాస్కుల జాబితాలో ‘ఇన్‌వాలిడ్’ అన్నవి ఉన్నట్టుండి పెరిగాయంటే ముందు అనుమానించాల్సింది వేడినే. మీరు కాల్చిన కరెంటూ వృథా, మీ జతగాడి ఎదురుచూపూ వృథా.

రోజులో వేళలు నిర్ణయించుకునే సౌకర్యం బోయింక్‌లో ఉంది, ఇది నిజంగా పనికొచ్చేది. రాత్రి 11 నుంచి ఉదయం 6 దాకా మాత్రమే నడవమనండి. ఆదివారం వేరే, మామూలు రోజులు వేరే అని కూడా పెట్టుకోవచ్చు.

ఫోన్లలో కథ తిరగబడింది. ఆండ్రాయిడ్ యాప్ బ్యాటరీ వేడిని చూస్తుంది. మనం మార్చకపోతే ఛార్జింగ్‌లో ఉండి, 90 శాతం నిండి, బ్యాటరీ 40 డిగ్రీలు దాటకుండా ఉంటేనే లెక్క మొదలుపెడుతుంది. మన వేసవిలో గదే 40 ఉంటుంది కాబట్టి అది రోజంతా ఊరికే కూర్చుంటుంది. పని చేయడం లేదని విసుగొచ్చి ఆ 40ని 50 చేయకండి. లిథియం బ్యాటరీ ఉబ్బిందంటే ఫోన్ మొత్తానికే ముప్పు.

కరెంటు

బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఆపేయమనే సెట్టింగు ఉంది కదా అనుకుంటాం. అది ల్యాప్‌టాప్ బ్యాటరీని గుర్తుపడుతుంది. యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కబురు చెప్పే యూపీఎస్ అయితే విండోస్ దాన్ని బ్యాటరీగానే చూపిస్తుంది కాబట్టి అప్పుడూ తెలుస్తుంది. ఇంటి ఇన్వర్టర్ సంగతి మాత్రం దానికి అస్సలు తెలియదు. వీధిలో కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకున్నా కంప్యూటర్‌కు వచ్చేది అదే 230 వోల్టులు. రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లతో రాత్రంతా లాక్కురావాల్సిన 150 ఏహెచ్ బ్యాటరీ, పక్కన 200 వాట్ల కంప్యూటర్ తోడైతే సగం సమయానికే చేతులెత్తేస్తుంది. అర్ధరాత్రి ఉక్కకు లేచి ఇంట్లోవాళ్లు ఎవరిని తిడతారో చెప్పక్కర్లేదు. వీలైతే కంప్యూటర్ ప్లగ్‌ను ఇన్వర్టర్ లైన్ నుంచి తప్పించి, చిన్న యూపీఎస్ మీద పెట్టండి.

ఠక్కున కరెంటు పోతే టాస్కు చివరిసారి తన స్థితిని డిస్క్ మీద రాసుకున్న చోటు నుంచి మళ్లీ మొదలవుతుంది. దీన్నే చెక్‌పాయింట్ అంటారు. సెట్టింగుల్లో 60 సెకన్లు అని కనిపిస్తే నిమిషానికోసారి రాస్తుందని మోసపోకండి. ఆ అంకెకు అర్థం అంతకన్నా తరచుగా రాయొద్దని మాత్రమే. ఎప్పుడు రాయాలో ఆ ప్రాజెక్టు ప్రోగ్రామే తేల్చుకుంటుంది, కొన్ని చాలాసేపటికి గానీ రాయవు. రోజుల తరబడి నడిచే వాతావరణ నమూనాలైతే రాస్తున్న క్షణంలో కరెంటు పోయిందంటే మొత్తానికే పాడవచ్చు. కోతలు ఎక్కువ ఉన్న ఊళ్లలో వేసవి నాలుగు నెలలూ గంటా రెండు గంటల్లో అయిపోయే టాస్కులిచ్చే ప్రాజెక్టుకు మారడం మేలు. ముందుగా నిల్వ చేసుకునే పనిని కూడా అర రోజుకు మించి పెట్టకండి. ప్రాజెక్టు పెట్టిన గడువు దాటితే ఆ పని ఇంకొకరికి వెళ్లిపోతుంది.

బిల్లు సంగతి కూడా చూసుకోవాలి. పూర్తి పని మీద కంప్యూటర్ అదనంగా 100 వాట్లు లాగుతుందనుకుంటే రోజుకు 2.4 యూనిట్లు, నెలకు 72. ఆ వేడిని ఏసీ మళ్లీ బయటికి తోయాలి కాబట్టి దాని యూనిట్లు వేరే. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వచ్చే ఇళ్లలో ఈ 72 యూనిట్లే కొంప ముంచొచ్చు. 200 దాటితే పైన వాడినదానికే కాదు, మొత్తానికీ కట్టాలి. ఆంధ్రాలోనూ శ్లాబు మారితే చివరి యూనిట్ల ధర బాగా పెరుగుతుంది. మీటర్ రీడింగ్ తీసిన రోజు నుంచి లెక్క పెట్టుకుంటూ, గీత దగ్గరపడగానే ఆపేయండి.

మేలో సాయంత్రం ఈదురుగాలులు, ఉరుములు మొదలైతే సెట్టింగులతో పనిలేదు. కంప్యూటర్ ప్లగ్, రౌటర్ ప్లగ్, ల్యాన్ తీగ మూడూ పీకేయండి.

పాత డిజైన్‌లో తెరిచి ఉన్న కిటికీలు

బోయింక్‌కు ఎవరైనా సర్వర్ పెట్టుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. 2002లో అది గొప్ప ఉదారత. 2024లో దొంగలు దాన్నే వాడుకున్నారు. బ్రౌజర్ అప్‌డేట్ అని నమ్మించి, జనం కంప్యూటర్లలో గుట్టుగా బోయింక్ దించి, దాన్ని తమ నకిలీ సర్వర్లకు కలిపారు. వాటిలో ఒకటి రొసెట్టా పేరును పోలిన అడ్రసే. కనుక డౌన్‌లోడ్ బర్క్‌లీ వాళ్ల అసలు సైటు నుంచో, లినక్స్ అయితే దాని సొంత రిపోజిటరీ నుంచో మాత్రమే చేయండి. ప్రాజెక్టుల ట్యాబ్‌లో మీరు చేర్చని పేరు కనిపిస్తే నెట్ తీసేసి వైరస్ స్కాన్ పెట్టండి.

ఊళ్లో ఉన్నప్పుడు ఇంటి కంప్యూటర్‌ను ఫోన్‌లో చూసుకోవాలని కొందరు రౌటర్‌లో 31416 పోర్టు (బోయింక్‌తో బయటి నుంచి మాట్లాడే దారి) తెరుస్తారు. లెక్కల్లో వచ్చే పై (π, 3.1416) విలువ గుర్తొచ్చేలా పెట్టిన సరదా నంబరు అది. కానీ ఆ దారిలో వెళ్లే మాటలకు ఎన్‌క్రిప్షన్ లేదు, మధ్యలో ఎవరైనా చదవొచ్చు. అది ఇంటి లోపల వాడుకోవడానికి మాత్రమే. బయటి నుంచి కావాలంటే వీపీఎన్ (ఇతరులు చదవలేని సొంత దారి) పెట్టుకోండి.

అలాగే మీ అకౌంట్ తాళంచెవి డేటా ఫోల్డర్‌లో మామూలు అక్షరాల్లోనే ఉంటుంది, ఫైలు తెరిస్తే చదవొచ్చు. ప్రోగ్రాంను అన్ఇన్‌స్టాల్ చేసినా ఆ ఫోల్డర్ మిగిలిపోతుంది. పాత పీసీ అమ్మేముందు దాన్ని విడిగా చెరిపేయండి.

ఆఫీసు, కాలేజీ ల్యాబు కంప్యూటర్లలో రాతపూర్వక అనుమతి లేకుండా పెట్టకండి. అమెరికాలోని జార్జియాలో ఒక టెక్నికల్ కాలేజీ ఉద్యోగి మంచి పనే కదా అని ల్యాబు నిండా బోయింక్ లాంటిదే అయిన డిస్ట్రిబ్యూటెడ్ డాట్ నెట్ ప్రోగ్రాం పెట్టి క్రిమినల్ కేసులో ఇరుక్కున్నాడు. 2002లో నష్టపరిహారం, ప్రొబేషన్‌తో బయటపడ్డాడు.

ఊరెళ్లే ముందు

రెండు రోజుల ముందే ప్రతి ప్రాజెక్టుకూ ‘నో న్యూ టాస్క్స్’ నొక్కండి. ఉన్నవి అయిపోనివ్వండి. అయ్యాక ‘అప్‌డేట్’ నొక్కితే ఫలితాలు సర్వర్‌కు చేరినట్టు నమోదవుతుంది. తర్వాత ఫైల్ మెనూలోంచి ఎగ్జిట్ బోయింక్ ఎంచుకుని, నడుస్తున్న టాస్కులు ఆపమంటారా అని అడిగితే ఆపమనండి. బోయింక్ విండో మూలన ఉన్న ఇంటూ గుర్తు నొక్కితే కనిపించకుండా పోతుంది గానీ వెనకాల లెక్క నడుస్తూనే ఉంటుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆనక షట్‌డౌన్, స్విచ్ బోర్డు దగ్గర ఆఫ్.

తిరిగొచ్చాక పాత వెర్షన్‌తోనే నెట్టుకురావొద్దు. సర్వర్లను నమ్మడానికి బోయింక్ తన వెంట సొంత సర్టిఫికెట్ల మూట తెచ్చుకుంటుంది. 2021 సెప్టెంబర్ 30న ఒక పాత రూట్ సర్టిఫికెట్ (మిగతావాటికి మూలమైనది) గడువు తీరినప్పుడు, ఆ మూట మార్చుకోని బోయింక్ విండోస్ వెర్షన్లు కొన్ని ప్రాజెక్టులతో మాట్లాడలేకపోయాయి. నెట్ బాగానే ఉండి, ప్రాజెక్టు సైటు బ్రౌజర్‌లో తెరుచుకుంటూ, బోయింక్ మాత్రం కలవకపోతే కొత్త వెర్షన్ వేసుకోండి. ప్రాజెక్టు బతికే ఉందో లేదో కూడా ఒకసారి చూడండి. సెటి ఎట్ హోమ్ అంతటిదే 2020 మార్చి 31న పనులు పంపడం ఆపేసింది. ఇక నెలన్నర ప్లగ్ తీసి ఉన్న పాత పీసీ తేదీని ఏ పదేళ్ల వెనక్కో చూపిస్తుంటే మదర్‌బోర్డు మీది నాణెం బ్యాటరీ అయిపోయినట్టు. తేదీ తప్పుగా ఉంటే ఏ సర్టిఫికెట్టూ చెల్లదు, ముందు ఆ బ్యాటరీ మార్చి, తర్వాత బోయింక్ తెరవండి.