డిస్క్ గోల్ఫ్ బూట్లు: ముందు సోలు, తర్వాతే సోకు

షాపులో బూటు చేతికి ఇవ్వగానే మన చూపు పైభాగం మీదకు పోతుంది: రంగు, జాలీ, లేసులు, పక్కన గీతలు. డిస్క్ గోల్ఫ్ ఆడేవాళ్లు దాన్ని తిరగేసి ముందు సోలు చూడాలి, తర్వాత సోలు అంచు, ఆ తర్వాత బొటనవేలి దగ్గరి కొస. ఈ మూడూ సరిగ్గా ఉంటే అప్పుడు రంగు ఎంచుకోండి.

ఆట కొత్తవాళ్లకు ఒక్క మాట. గొలుసులు వేలాడే ఇనుప బుట్టలోకి వీలైనంత తక్కువ విసుర్లలో డిస్కు, అంటే పళ్లెంలాంటి ప్లాస్టిక్ బిళ్ల, పడేయాలి. మామూలుగా రౌండుకి 18 బుట్టలు. రౌండు మొత్తమ్మీద కిలోమీటర్ల కొద్దీ నడక, దాని మధ్య మధ్య ఒళ్లంతా మెలి తిప్పి విసరడం. వాకింగ్ బూటు నడకకు సరిపోతుంది గానీ మెలికకు సరిపోదు. ఫుట్‌బాల్ బూటు మట్టిని పట్టుకుంటుంది గానీ అంత నడకకు పనికిరాదు.

రెండు కాళ్లు, రెండు పనులు

కుడిచేతివాళ్లు బ్యాక్‌హ్యాండ్ (చేతిని ఛాతీకి అడ్డంగా వెనక్కి తీసుకెళ్లి) విసిరేటప్పుడు వేసే అడుగులు ఇవి: కుడి, దాని వెనకగా ఎడమ, మళ్లీ కుడి. ఆ చివరి కుడి అడుగు ఊత. పరుగు అక్కడ ఆగి నడుము తిరుగుడుగా మారుతుంది. ఆ పాదం చిటికెనవేలి వైపు అంచుతో నేలను తాకి, పూర్తిగా ఆని, డిస్కు చేతినుంచి పోయాక మడమ మీద బుట్ట వైపు తిరుగుతుంది. వెనకున్న ఎడమ కాలు బొటనవేలి లోపలి అంచు నేలకు రాసుకుంటూ ముందుకు వస్తుంది. ఫోర్‌హ్యాండ్‌లో (విసిరే చేతి పక్కనుంచే విసిరేటప్పుడు) ఇది తారుమారు: ఎడమ కాలు ఊత, రాసుకునేది కుడి బొటనవేలు. ఎడమచేతివాళ్లు రెండింటినీ తిప్పి చదువుకోండి.

అందుకే ఒకే జతలో రెండు బూట్లూ రెండు రకాలుగా చెడిపోతాయి. ఊత బూటు చిటికెనవేలి దగ్గర సోలు ఊడుతుంది, రెండో దానికి బొటనవేలి దగ్గర జాలీ చిరుగుతుంది. ఆడేవాళ్ల బూట్లు చూసి వాళ్లది ఏ చేతివాటమో చెప్పేయవచ్చు.

ఊత పాదానికి కావలసింది ఒక చిత్రమైన పట్టు. పక్కకు జారకూడదు, కానీ తిరగాలన్నప్పుడు తిరగాలి. పట్టు తక్కువైతే కాలు జారి గజ్జల్లో కండరం పట్టేస్తుంది, డిస్కు అనుకున్న దారి తప్పుతుంది. పట్టు మరీ ఎక్కువైతే అంతకన్నా ప్రమాదం: పాదం నేలకు అతుక్కుపోయి, పైన నడుము తిరుగుతుంటే ఆ మెలికంతా మోకాలి మీద పడుతుంది. మోకాలిలో ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి, స్నాయువులు దెబ్బతినేది ఇలాగే. "గ్రిప్ బాగుంది సార్" అని షాపతను చెప్పినప్పుడు ఏ నేల మీద, ఏ వైపుకు అని అడగాలి.

షాపులోనే చేయాల్సిన పరీక్షలు

సాయంత్రం వెళ్లండి. పొద్దుటికన్నా అప్పుడు పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, ఆటలో ఉండే కొలతకు దగ్గరగా ఉంటుంది. ఆటకు వేసుకునే సాక్సే వేసుకుని చూడండి. పొడవైన వేలికి, బూటు కొసకు మధ్య సుమారు 1 సెం.మీ. ఖాళీ ఉండాలి. అంతకన్నా తక్కువైతే ఊత అడుగు పడినప్పుడు గోరు కొసకు కొట్టుకుని నల్లబడుతుంది.

మడమను ఒక చేత్తో, కొసను ఇంకో చేత్తో పట్టుకుని వంచండి. వేళ్ల మొదళ్ల దగ్గర వంగాలి, సరిగ్గా నడుమన మడతపడితే పక్కన పెట్టేయండి. తర్వాత తడిగుడ్డ పిండినట్టు మెలిపెట్టండి. కాస్త ఎదురు తిరగాలి, సులువుగా మెలి తిరిగిపోతే ఊతకు పనికిరాదు. మడమ వెనక గట్టి గిన్నెలాంటి భాగాన్ని రెండు వేళ్లతో నొక్కండి, లోపలికి కుంగకూడదు.

ఇప్పుడు బూటు వేసుకుని, బరువంతా కుడి కాలి బయటి అంచు మీద వేసి పక్కకు వాలండి. పాదం సోలు దాటి జాలీలోకి ఒరిగిపోతే, ఆ బూటు ఊత అడుగులో చీలమండను మెలి తిప్పుతుంది. సోలు అంచు పైకి లేచి పాదాన్ని గోడలా ఆపే బూటు కావాలి. చివరగా మడమ మీద బరువు పెట్టి మెల్లగా తిరగండి. బూటు తిరగకముందే మోకాలిలో లాగినట్టు అనిపిస్తే ఆ రబ్బరు సిమెంటు మీద ఆడటానికి మరీ జిగటగా ఉంది. షాపులో నున్నటి టైల్స్ ఉంటే ఈ ఒక్క పరీక్ష నమ్మకండి, బయట సిమెంటు మెట్టు మీద వేసి చూపించమని అడగండి.

సోలు కింద పొడుచుకొచ్చిన గట్ల ఎత్తును చిన్న స్కేలుతో కొలవండి. సిమెంటు పలక మీద నుంచి విసిరేవాళ్లకు 2 నుంచి 3 మి.మీ. చాలు. మట్టి, గడ్డి, తోటలు కలిసిన చోట 4 నుంచి 5 మి.మీ. దున్నిన చేను, బురద అయితే 6 మి.మీ. వరకు. దాన్ని మించి లోతున్నవి గట్టి నేల మీద గుండ్రాళ్లపై నిలబడ్డట్టు కదులుతాయి. ఇనుప మేకులున్న క్రికెట్ బూట్లు మట్టిలో దిగినా సిమెంటు మీద జారతాయి. అన్ని రకాల నేలలకూ ఒకే జత కొనాలనుకుంటే 4 మి.మీ. దగ్గర ఆగండి.

మన నేలల మీద

బయటి దేశాల సమీక్షల్లో మెచ్చుకునే బూట్లు ఎక్కువగా చలి, తడిగడ్డి, అడవి దారులను లెక్కలో పెట్టుకుని చేసినవి. నెల్లూరు, ప్రకాశంలో లెక్క వేరు.

ముందుగా ముల్లు. చిల్లచెట్ల ముళ్లు, పల్లేరు కాయలు లేని ఖాళీ స్థలం ఇక్కడ దొరకడం కష్టం. డిస్కు కూడా సరిగ్గా ఆ కంపలోకే పోతుంది. చాలా ఫ్యాషన్ బూట్లలో బరువు తగ్గించడానికి సోలు కింద రబ్బరును ముక్కలు ముక్కలుగా అంటించి, మధ్యలో మెత్తటి ఫోమ్‌ను బయటికే వదిలేస్తారు. చూడటానికి రెండు రంగుల్లో ఎంతో అందంగా ఉంటుంది. చిల్లముల్లు ఆ ఫోమ్‌లో నేరుగా దిగి పాదానికి తగులుతుంది. అందుకే అడుగు మొత్తం ఒకే రబ్బరు పలక పరిచినదే తీసుకోండి. కొండదారుల బూట్లలో కొన్నిటికి ఫోమ్, రబ్బరు మధ్య పల్చటి గట్టి పలక ఉంటుంది. ఉదయగిరి వైపు రాళ్ల నేలల మీద ఆడేవాళ్లకు అది చాలా ఉపయోగం. డిస్కు కోసం కంపలోకి, ఎత్తు గడ్డిలోకి వెళ్లేటప్పుడు కర్రతో ముందు తట్టి చూడండి. పాము విషయంలో ఏ బూటునూ నమ్ముకోకూడదు.

సముద్రం వైపు, మైపాడు, కొత్తపట్నం దగ్గరి సరుగుడు తోటల్లో సమస్య వేరు. ఎండిన సరుగుడు ఆకు ఇసుక మీద చాపలా పరుచుకుని ఉంటుంది. అది ఇసుకను వదిలి బూటుతో పాటు జారుతుంది. లోతు గట్లున్నా లాభం లేదు, గట్ల సందుల్లో ఆకు ఇరుక్కుని సోలు నున్నగా అయిపోతుంది. విసిరే ముందు నిలబడే చోట, అడుగు పడే చోట ఆకును పాదంతో పక్కకు నెట్టేసుకోండి. వదులు ఇసుకలో పరుగెత్తి విసరడం మానేసి, నిలబడి విసరండి. ఊత దొరకని చోట పరుగు వల్ల దూరం రాదు, గురి మాత్రం పోతుంది. పెద్ద కన్నాల జాలీ ఉన్న బూటులోకి ఇసుక చేరి, సాక్సుకీ చర్మానికీ మధ్య రాసుకుని బొబ్బలు లేస్తాయి. దట్టంగా నేసిన జాలీ, పాదానికి అంటుకుని ఉండే నాలుక ఉన్నవి తీసుకోండి.

రేగడి నేల వానకు ముందు రాయి, వాన పడితే బంక. ఈశాన్య రుతుపవనాలు మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురుస్తాయి. ఆ రోజుల్లో దగ్గర దగ్గర గట్లున్న సోలు పది అడుగుల్లో మట్టితో నిండి పలకలా తయారవుతుంది. గట్ల మధ్య వేలు పట్టేంత దూరం ఉంటే మట్టి దానంతట అదే రాలుతుంది. బ్యాగులో ఒక పుల్ల, పాత తువ్వాలు పెట్టుకుని, విసిరే ప్రతిసారీ సోలు గీకి తుడవండి. పాచి పట్టిన తడి సిమెంటు మీద మాత్రం ఏ బూటూ నిలవదు. అక్కడ కూడా నిలబడే విసరాలి.

నీళ్లు చొరబడని పొర ఉన్న బూట్లు వానకాలానికి మంచివని అమ్ముతారు. మన ఉక్కలో లోపలి చెమట బయటికి పోక పాదం నానిపోతుంది. మడమ పైనుంచి ఒకసారి నీళ్లు దిగితే అవి లోపలే ఉండిపోతాయి. గాలాడే జాలీ బూటు తడుస్తుంది, కానీ త్వరగా ఆరుతుంది. ఇక్కడికి అదే మేలు. ఒక జత పొడి సాక్సు అదనంగా పెట్టుకుంటే సరిపోతుంది.

సోకు ఎక్కడ ఖరీదవుతుంది

ఇప్పుడు బాగా నడుస్తున్న ఎత్తు ఫోమ్ బూట్లు, మడమ దగ్గర 35 మి.మీ. పైగా ఉండేవి, రోడ్డు మీద పరుగుకు హాయిగా ఉంటాయి. ఇక్కడ ఆ ఎత్తే పక్కకు ఒరుగుతుంది. బుట్టకు దగ్గర్లో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్ నియమాల ప్రకారం బుట్టకు 10 మీటర్ల లోపల నుంచి విసిరితే, డిస్కు వదిలాక పూర్తి అదుపులో నిలబడి చూపించాకే ముందుకు కదలాలి. నిలబడాల్సిన జాగా కూడా గుర్తు డిస్కు (ముందటి విసురు పడిన చోటును చూపేది) వెనక 20 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. పొడవు మాత్రమే. మెత్తటి పరుపు మీద ఒంటికాలిపై ఊగుతూ ఆ అదుపు చూపడం కష్టం. నేలకు దగ్గరగా, గట్టిగా ఉండే సోలు ఇక్కడ విసుర్లు మిగులుస్తుంది.

సాక్సులా అల్లిన పైభాగం చూడముచ్చటగా ఉంటుంది, పాదం మాత్రం లోపల పక్కకు జరుగుతుంది. తెల్ల రంగు వద్దనడానికి వేరే కారణమేమీ లేదు, ఎర్రమట్టి మరక పోదు, అంతే. మెరిసే ప్లాస్టిక్ అలంకారాలు వేళ్లు వంగే చోట అంటించి ఉంటే కొన్నాళ్లకే పగిలి లేస్తాయి. డిస్క్ గోల్ఫ్ కోసమే చేశామని అమ్మే జతలకు ఎక్కువ డబ్బు పెట్టే ముందు మూడు చూడండి: బొటనవేలి లోపలి వైపుకు కూడా రబ్బరు ఎక్కిందా, ఊత పాదం బయటి అంచుకు గోడ ఉందా, మడమ కింద గట్లు తిరగడానికి వీలుగా చిన్నవిగా ఉన్నాయా. పక్కన డిస్కు బొమ్మ మాత్రమే ఉంటే మామూలు కొండదారి బూటు తక్కువ ధరకు అదే పని చేస్తుంది.

కొత్త బూటును గట్టి చేసుకోవడం

కొస చిరిగాక అతికించడం కన్నా కొన్న వారంలోనే కాపు వేయడం మంచిది. బ్యాక్‌హ్యాండ్ కుడిచేతివాళ్లు ఎడమ బూటు బొటనవేలి లోపలి వైపు సుమారు 6 సెం.మీ. పొడవు, 3 సెం.మీ. వెడల్పు గుర్తు పెట్టుకోండి. పాత సైకిలు ట్యూబు ముక్క కత్తిరించి మూలలు గుండ్రంగా చేయండి, మూల ఉంటే అక్కడినుంచే లేస్తుంది. గరుకు కాగితంతో ట్యూబు ఒక వైపు, బూటు మీద గుర్తు పెట్టిన చోటు రుద్ది, దుమ్ము తుడవండి. చెప్పులు కుట్టేవాళ్లు వాడే రబ్బరు జిగురు రెండు వైపులా పల్చగా పూసి, వేలికి అంటకుండా ఆరేదాకా, సుమారు పది పదిహేను నిమిషాలు ఆగండి. ఎక్కువమంది తొందరపడి తడి మీదే అంటిస్తారు, అది ఒక్క రౌండుకే ఊడిపోతుంది. ఆరాక ఒక్కసారే సరిగ్గా ఆనించి, సుత్తి పిడితో గట్టిగా నొక్కి, ఒక రాత్రి వదిలేయండి. ముక్క కింది అంచు సోలు రబ్బరు మీదకు కాస్త ఎక్కాలి. లేకపోతే రాపిడి మొదట ఆ అంచునే లేపుతుంది.

ఊత బూటు సోలుకు కుట్టు వేయించేటప్పుడు జాగ్రత్త. సోలు అంచు రబ్బరు గోడలా పైకి వచ్చి ఉంటే మైనం పట్టించిన నైలాన్ దారంతో కుట్టు బాగా నిలుస్తుంది. అంచు ఫోమ్ అయితే దారం కోసుకుంటూ బయటికి వస్తుంది. అలాంటిదానికి జిగురే వేయించండి.

లేసులు కూడా చూసుకోండి. పైన మిగిలిన చివరి రంధ్రాల్లోంచి లేసును అదే వైపు ఉచ్చులా తీసి, రెండో వైపు కొసను అందులోంచి పోనిచ్చి బిగిస్తే మడమ లోపల లేవదు. వేళ్ల దగ్గర మాత్రం వదులుగా ఉంచండి.

ఆట అయ్యాక లోపలి అట్ట తీసి, పాత పేపరు కుక్కి నీడన ఆరబెట్టండి. మన మే ఎండలో పెడితే జిగురు మెత్తబడి సోలు విడుతుంది. సముద్రపు ఒడ్డున ఆడితే ముందు మంచినీళ్లతో కడగండి. బాగున్నాయి కదా అని దాచిన పాత జతల్లో పాలియురెథేన్ (ఒక రకం ప్లాస్టిక్) సోలు ఉన్నవి కోస్తా తేమకు లోపల్లోపల పాడై, ఒకరోజు మధ్య ఆటలో పొడి పొడిగా రాలిపోతాయి. గోటితో గిచ్చితే ముక్క లేచి వచ్చిందంటే వేసుకోకండి.

గట్లు సగానికి అరిగినప్పుడు ఆ జతను ఎండకాలం సిమెంటు పలకలకు మార్చి, వానకాలానికి కొత్తది కొనండి. ఊత బూటు బయటి అంచు లోపలి అంచుకన్నా బాగా అరిగి, గచ్చు మీద పెడితే పక్కకు వాలుతుంటే మాత్రం దాంతో ఇక విసరకూడదు, నడకకే వాడుకోవాలి.