పాతకాలపు హోమ్ రన్ వీరుడి రికార్డును ఎలా చదవాలి? గావీ క్రావత్ ఉదాహరణ

1918లో అమెరికా బేస్‌బాల్‌లోని నేషనల్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ హోమ్ రన్లు (సాధారణంగా బంతిని మైదానం గోడ దాటించే దెబ్బలు) కొట్టిన గావీ క్రావత్ లెక్క 8 మాత్రమే. రెండేళ్ల తరువాత మరో ప్రసిద్ధ బ్యాటర్ బేబ్ రూత్ ఒక్క సీజన్‌లోనే 54 కొట్టాడు. ఈ రెండంకెలను పక్కపక్కన పెట్టి క్రావత్‌ను తక్కువ చేసేవారు చాలామంది ఉన్నారు. ఆ పొరపాటు జరగకుండా ఉండాలంటే అతని రికార్డును ఒక క్రమంలో చదవాలి.

మొదట ఆ ఏడాది లీగ్ జాబితాలో అతని స్థానం చూడండి. ఫిలడెల్ఫియా ఫిలీస్ జట్టు తరఫున ఆడిన క్రావత్ 1913, 1914, 1915, 1917, 1918, 1919 సీజన్లలో, 1917లో మరొకరితో సమంగానైనా, హోమ్ రన్లలో అగ్రస్థానంలో నిలిచాడు. పైగా 1918 సీజన్‌ను యుద్ధం కారణంగా ముందే ముగించారు. ఒకే బంతిని మాసిపోయి మెత్తబడేదాకా వాడిన ఆ రోజుల్లో, దానికి ఉమ్ము రాసి విసరడం కూడా నిబంధనలకు లోబడినదే; అలాంటి బంతిని దూరం కొట్టడం కష్టం.

తరువాత మైదానాన్ని పరిశీలించండి. నా దృష్టిలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఫిలీస్ సొంత మైదానమైన బేకర్ బౌల్‌లో కుడివైపు గోడ సుమారు 280 అడుగుల దూరంలోనే, కానీ బాగా ఎత్తుగా ఉండేది. కుడిచేతి బ్యాటర్లు సాధారణంగా ఎడమవైపుకు బలంగా కొడతారు, కానీ కుడిచేతి బ్యాటరైన క్రావత్ బంతిని పనిగట్టుకొని ఆ వైపుకే లేపేవాడు. 1914లో అతను కొట్టిన 19 హోమ్ రన్లూ అక్కడ కొట్టినవే. గోడ దగ్గరగా ఉండటం నిజమే అయినా, ఆ సౌకర్యం అక్కడ ఆడిన బ్యాటర్లందరికీ ఉన్నదే కదా!

మైదానం ప్రభావాన్ని పక్కన పెట్టి అంచనా వేయాలంటే, గోడతో సంబంధం లేని అంకెలను వెతకాలి. ఫిలీస్ తొలిసారి లీగ్ విజేతగా నిలిచిన 1915లో క్రావత్ 24 హోమ్ రన్లతో పాటు 86 వాక్‌లతోనూ లీగ్‌లో ముందున్నాడు. వాక్ అంటే నాలుగు చెడ్డ బంతులను వదిలిపెట్టి మొదటి బేస్ చేరుకోవడం; దానికి దగ్గరి గోడ సాయపడదు, మంచి చూపు కావాలి.

చివరగా, వయసు. 1881లో పుట్టిన క్రావత్ ఫిలీస్‌కు వచ్చేసరికి 31 ఏళ్లవాడు. అంతకుముందు మంచి వయసంతా ఎక్కువగా లాస్ ఏంజెలెస్, మినియాపొలిస్ జట్లతో చిన్న లీగ్‌లలోనే (నేషనల్ లీగ్ వంటి పెద్ద లీగ్‌ల కింది స్థాయి పోటీల్లో) గడిచింది. 1911లో మినియాపొలిస్‌కు ఆడుతూ కొట్టిన 29 హోమ్ రన్లు అతని పెద్ద లీగ్ మొత్తమైన 119లో కలవవు. అందువల్ల ఆ మొత్తాన్ని చూసేటప్పుడు ఈ చిన్న లీగ్ సీజన్ల పట్టికను కూడా తెరిచి పక్కన ఉంచుకోండి.